మూడు పలుచని పూతలు

ఆ పరిశోధనాలయం రెండవ అంతస్తులో గ్రంథాలయానికి పోయే నడవా ఒకటి ఉన్నది. దాని ఎడమవైపు గోడ మీద, కంపెనీ సంపాదించిన పేటెంట్ల మొదటి పుటలను అద్దపు చట్రాలలో బిగించి వరుసగా వేలాడదీసేవారు. ప్రతి పుట మీదా కనిపెట్టినవారి పేర్లు నల్లని అక్షరాలలో అచ్చయి ఉండేవి. ఎల్వీరా టెస్టా పందొమ్మిదవ ఏట, సీసాలు కడిగే పనికి చేరిన తొలినాడే, ఆ పేర్లన్నిటినీ ఒక్కటీ విడవకుండా చదివింది. ఎన్నటికైనా ఆ గోడ మీద తన పేరు ఉండాలన్న కోరిక ఆనాడు ఆమె మనస్సులో నాటుకున్నది. దానిని ఆమె తండ్రికి తప్ప వేరెవరికీ చెప్పలేదు.

ఆ గోడకు పూత పూసినది ఆ తండ్రే. డెలవేర్ నది ఒడ్డున, చమురు శుద్ధి కర్మాగారం పొగగొట్టాల నీడన ఉన్న ఆ న్యూజెర్సీ పట్టణంలో జెనారో టెస్టా పనితనమెరిగిన గచ్చుపనివాడు. చర్చి లోపలి గోడలు, బడి గోడలు, చివరకు ఈ పరిశోధనాలయపు నడవాలు సైతం ఆయన చేతి తాపీ కింద నునుపుదేరినవే.

"పాపా, చూస్తూ ఉండు, నువ్వు పూసిన గోడమీద నా పేరు వేలాడుతుంది" అన్నది ఎల్వీరా ఆ సాయంత్రం.

జెనారో చేతులు కడుక్కుంటూ నవ్వాడు. "గోడ పూసినవాడి పేరు ఎక్కడైనా రాశారా? వేలాడేవాళ్ళ పేర్లే రాస్తారు. సరేలే, నువ్వూ వేలాడు, నాకు సంతోషమే. కానీ మేకు మెల్లిగా కొట్టమను. ఎడాపెడా కొడితే నా పూత పెచ్చులూడుతుంది."

ఇది 1956 నాటి మాట. ఆ తరువాత జెనారో కాలం చేశాడు. ఎల్వీరా పెళ్ళి మాట తలపెట్టలేదు. తండ్రి ఇంట్లోనే ఉండి, పెరట్లో మిరపమొక్కలు పెంచుకుంటూ, సీసాలు కడిగే పని నుంచి తూకాలు తూచే పనికి, అక్కడి నుంచి పొడులు వండే పనికి క్రమంగా ఎదిగింది. అక్కడివారు ఆ పనిని వండటమనే అనేవారు. నిజానికి అందులో వంటకు సంబంధించినవి చాలానే ఉన్నాయి: నానబెట్టడం, ఆరబెట్టడం, కాల్చడం, అనుదినమూ రుచి చూసినట్లు పరీక్షించడం.

ఆమె వండే పొడి పేరు జియొలైట్. చూపుకు గోధుమపిండి వంటిది. లోపల మాత్రం ప్రతి కణమూ సన్నని సొరంగాలతో నిండిన స్ఫటికం. చమురులో నుంచి తీసిన టాలుయీన్ ఆవిరిని వేడి పొడిలోకి పంపితే, ఆ సొరంగాలలో తిరిగి తిరిగి జైలీన్ అనే ద్రవంగా మారి బయటకు వస్తుంది. జైలీన్‌లో ముగ్గురు అన్నదమ్ములు: బరువొకటే, శరీరమొకటే, చేతులు కాళ్ళు పెట్టుకున్న తీరు వేరు. పారా అనే తిన్ననివాడొక్కడే పాలియెస్టరు గుడ్డకు, ప్లాస్టిక్ సీసాలకు పనికివస్తాడు. తక్కిన వంకర వాళ్ళిద్దరూ అడ్డం. మామూలుగా అయితే నూరు పాళ్ళలో పారా ఇరవైనాలుగుకు మించడు. సొరంగాల ద్వారాలను మెగ్నీషియం వంటి లోహంతో కొంత ఇరుకు చేస్తే తిన్ననివాడు దూరి వస్తాడు, వంకరవాళ్ళు లోపలే చిక్కుకుని చివరకు తామూ తిన్ననివాళ్ళవుతారు. ఆ ఇరుకు ఎంత, దానిని చేయడం ఎలా, అన్నదే అక్కడ ఆరేళ్ళుగా సాగుతున్న వెదకులాట.

ఆ వెదకులాటకు పెద్ద డాక్టర్ వారెన్ హోబార్ట్. ఆయన మంచివాడు. గొంతు పెంచి ఎరుగడు. తలుపు దగ్గర ఆగి ముందు ఎల్వీరాను పోనిచ్చేవాడు. క్రిస్మసుకు ఆమెకు డబ్బా నిండా బాదం మిఠాయి తెచ్చేవాడు. తన కింద పనిచేసేవారిని మనుషులుగా చూసిన పండితులు ఆ భవనంలో ముగ్గురో నలుగురో ఉంటే, వారిలో ఆయన ఒకడు. ఈ కథలో జరిగినదంతా ఆ మంచితనం సాక్షిగానే జరిగింది.

ఆ పరిశోధనాలయంలో ఒక ఆచారం ఉండేది. డిగ్రీ ఉన్న ప్రతి రసాయన శాస్త్రజ్ఞునికీ పుటలకు అంకెలు వేసిన గట్టి అట్టల నోట్‌బుక్ ఒకటి ఇచ్చేవారు. ఆయన తోచినదీ చేసినదీ అందులో సిరాతో రాసి, కింద తేదీ వేసి సంతకం చేయాలి. ఆ సంతకం కింద మరొక గీత. దాని పక్కన "చదివి అర్థం చేసుకున్నాను" అని అచ్చుపడి ఉండేది. ఆ గీత మీద సాక్షి సంతకం చేయాలి. ఎవరు ముందు కనిపెట్టారన్న తగవు వచ్చిననాడు న్యాయస్థానానికి కావలసినవి ఆ రెండు సంతకాలూ, ఆ తేదీ. ఎల్వీరా వంటి టెక్నీషియన్లకు నోట్‌బుక్ ఉండదు. వారు పసుపుపచ్చని విడి కాగితాల మీద లెక్కలు రాసేవారు. డాక్టర్లు వాటిలో కావలసినది ఎక్కించుకున్నాక ఆ కాగితాలు నెల తిరగకుండా చెత్తబుట్టకు పోయేవి.

సాక్షి సంతకం మొదట్లో డాక్టర్లే ఒకరికొకరు చేసుకునేవారు. 1971లో ఒక శుక్రవారం హోబార్ట్ తన నోట్‌బుక్ తెచ్చి ఎల్వీరా బల్ల మీద పెట్టాడు.

"ఎల్వీరా, ఇకనుంచి నా పుటలకు నువ్వే సాక్షి. ఈ అంతస్తులో నేను చేసేది నిజంగా అర్థమయ్యేది నీ ఒక్కదానికే."

ఆ మాటకు ఆమె వారం రోజులు నేల మీద నడవలేదు. మరుసటి శనివారం కామ్డెన్ వెళ్ళి మంచి కలం ఒకటి కొన్నది. అది మొదలు ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు హోబార్ట్ నోట్‌బుక్ తెరిచి పట్టుకునేవాడు, ఆమె పుట తరువాత పుట సంతకం చేస్తూ పోయేది. చదివేది కాదు. ఆ భవనంలో ఎవరూ చదివేవారు కారు. రాసిన మనిషి ఎదుట నిలబడి ఉండగా పుట చదవడం మొదలుపెడితే, నిన్ను నమ్మను అన్నట్లే. పైగా కింద వెర్నన్ గాస్కిన్స్ కారు సిద్ధం చేసుకుని కూర్చునేవాడు. పక్క గదిలో, ఆమె వండిన పొడులను పరీక్షించే రియాక్టరు నడిపే అతడూ ఎల్వీరా ఒకే కారులో ఇంటికి పోయేవారు. ఆలస్యమైతే వంతెన దగ్గర కార్ల బారులో చిక్కుకోవాలి.

1977 చలికాలం వచ్చింది. నది గడ్డకట్టింది. గ్యాసు కరువై బడులు మూశారు, ఫ్యాక్టరీలు మూశారు. పరిశోధనాలయంలో కొలుములు రోజుకు మూడు గంటలకు మించి మండరాదని ఉత్తరువు వచ్చింది. హోబార్ట్ ఆ వారం హ్యూస్టన్‌లో సభకు పోయి మంచు తుఫాను వల్ల అక్కడే ఆగిపోయాడు. ఆయన వదిలి వెళ్ళిన పని చీటీలో, పొడిని చిక్కని మెగ్నీషియం ద్రావణంలో ఒక్కమారు నానబెట్టి పన్నెండు గంటలు కాల్చమని ఉన్నది. అది కుదరదు.

ఎల్వీరా కోటు విప్పకుండానే కొలిమి ఎదుట కూర్చుని ఆలోచించింది. ఆమెకు తండ్రి జ్ఞాపకం వచ్చాడు. గడ్డకట్టే చలిలో గోడ పూయవలసివస్తే జెనారో ఏం చేసేవాడు? మందపాటి పూత ఒకటి వేస్తే పైన ఎండుతుంది, లోపల ఎండదు, వసంతానికి పెచ్చులై రాలుతుంది. అందుకని పలుచన చేసి ఒక పూత, అది బిగిశాక మరొకటి, అదీ బిగిశాక మూడవది. మూడు రోజుల పని. కానీ ఆ గోడ ఆయన పోయాక కూడా నిలిచి ఉన్నది. ఎల్వీరా ద్రావణాన్ని మూడో వంతుకు పలుచన చేసింది. పొడిని నానబెట్టి, ఆరబెట్టి, మూడు గంటలు కాల్చింది. మరునాడు మళ్ళీ. ఆ మరునాడు మళ్ళీ. చిక్కని ద్రావణం పొడి పైపైన పేరుకుపోతున్నదనీ, పలుచనిదైతే ద్వారాల అంచులను మాత్రమే ఇరుకు చేస్తుందనీ ఆమెకు అప్పుడే తోచింది. తోచినదానిని పసుపు కాగితం మీద రాసి పెట్టుకున్నది.

గురువారం మధ్యాహ్నం వెర్నన్ పరీక్ష యంత్రం గీసిన చీటీని చేతిలో పట్టుకుని ఆమె గదిలోకి వచ్చాడు. ఆమె మిరపకాయలూ గుడ్లూ వేయించి పెట్టిన రొట్టె తింటున్నది.

"ఇందులో ఏం కలిపావు, నిజం చెప్పు."

"ఎప్పుడూ కలిపేదే. మెగ్నీషియం."

"ఆ రొట్టెలో నూనె కారిందేమో చూసుకో. ఎప్పుడూ మూడు కొండలు గీసే యంత్రం ఇవాళ ఒక్క కొండే గీసింది. తక్కిన రెండూ చీమల పుట్టల్లా ఉన్నాయి. ఎనభై ఆరు! నూటికి ఎనభై ఆరు పాళ్ళు పారాయే! యంత్రానికి పిచ్చెక్కిందేమోనని మళ్ళీ నడిపాను. మళ్ళీ అంతే."

ఎల్వీరా రొట్టె కింద పెట్టింది. ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏడవకు తల్లీ, చీటీ తడిస్తే డాక్టర్ నన్ను తంతాడు" అన్నాడు వెర్నన్.

మరునాడు, ఫిబ్రవరి పదకొండవ తేదీ శుక్రవారం, హోబార్ట్ విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చాడు. ఎల్వీరా మొదటి నుంచి చివరి వరకూ చెప్పింది: కొలిమి ఉత్తరువు, తండ్రి గోడ, మూడు పూతలు, ద్వారాల అంచులు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, చిన్నపిల్లవాడిలా కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. "నువ్వు బంగారం ఎల్వీరా, బంగారం!" అన్నాడు. వెంటనే నోట్‌బుక్ తీసి రెండు పుటలు ఆపకుండా రాశాడు. నాలుగు దాటి పది నిమిషాలైంది. కింద వెర్నన్ హారను మోగించాడు. హోబార్ట్ పుస్తకం ఆమె వైపు తిప్పాడు. ఆమె తన కలంతో ఎప్పటికన్నా అందంగా సంతకం చేసింది. గోడ మీది చట్రం ఆమె కళ్ళముందు ఆడుతున్నది. ఆ రెండు పుటలనూ ఆమె చదవలేదు.

ఏడాదిన్నర గడిచింది. పేటెంటుకు దరఖాస్తు వెళ్ళిందని తెలిసి ఎల్వీరా నిబ్బరంగా ఎదురుచూసింది. పేర్లు అడగడం సిగ్గనిపించి అడగలేదు. 1978 సెప్టెంబరులో కంపెనీ పేటెంట్ల లాయరు ఎవెరెట్ పైల్ ఆమెను తన గదికి పిలిపించాడు. అక్కడ హోబార్ట్ కూడా ఉన్నాడు.

"మిస్ టెస్టా, ఒక చిక్కు వచ్చింది" అన్నాడు పైల్. "వేరొక కంపెనీ ఇదే పద్ధతి తమదంటోంది. వాళ్ళ తేదీ మార్చి రెండు. మనది ఫిబ్రవరి పదకొండు. మన తేదీ నిలబడాలంటే మీరు వచ్చి, ఆ రోజు ఈ పుట చదివానని ప్రమాణం చేసి చెప్పాలి. జ్ఞాపకం కోసం ఇదిగో నకలు."

ఆమె అప్పుడు మొదటిసారి ఆ పుట చదివింది. అందులో ఇలా ఉన్నది: "లోహాన్ని ఒక్కమారు చిక్కగా గాక, మూడు విడతలుగా పలుచగా పూసి, నడుమ కాల్చినచో మేలు కలుగునని నాకు తోచినది. టెక్నీషియన్ ఇ. టెస్టాను ఆ ప్రకారము చేయవలసినదిగా ఆదేశించితిని." కింద హోబార్ట్ సంతకం. ఆ కింద, చదివి అర్థం చేసుకున్నానంటూ, తన సంతకం.

ఆమె రెండుసార్లు చదివి కాగితం బల్ల మీద పెట్టింది.

"ఇది ఆయనకు తోచింది కాదు. నాకు తోచింది."

పైల్ కళ్ళజోడు తీశాడు. "ఆ మాట ఈ గదిలోనే ఉండనివ్వండి. సాక్షి వేరు, కనిపెట్టినవాళ్ళు వేరు. తన పుటకు తానే సాక్ష్యం చెప్పుకోవడం చెల్లదు. మీరు కనిపెట్టారంటే ఈ పుటకు సాక్షి లేనట్టే. సాక్షి లేకపోతే తేదీ లేదు. తేదీ లేకపోతే పేటెంటు అవతలివాళ్ళది. మీకూ రాదు, డాక్టర్‌కూ రాదు."

"రాసింది అబద్ధమైనా?"

"మీరే చదివి అర్థం చేసుకున్నామని సంతకం పెట్టారు కదండీ."

ఎల్వీరా హోబార్ట్ వైపు తిరిగింది. ఆయన చేతివేళ్ళు చూసుకుంటున్నాడు.

"మేము ఎప్పుడూ అలాగే రాస్తాం ఎల్వీరా. 'నాకు తోచింది' అనడం నోట్‌బుక్‌లో అలవాటు. నిన్ను తొక్కేద్దామని రాసింది కాదు."

"మా నాన్న తాపీ కూడా మీకే తోచిందా డాక్టర్?"

ఆయన ముఖం ఎర్రబడింది. "రెండో దరఖాస్తు ఒకటి తయారవుతోంది. ఇదే పద్ధతి వేరే లోహాలకి. ఇది గట్టెక్కితే దాంట్లో నీ పేరు పెట్టిస్తాను. మాటిస్తున్నాను" అన్నాడు. అన్నప్పుడు ఆయన అది నమ్మే అన్నాడు.

ఆ సాయంత్రం కారులో ఎల్వీరా సంగతంతా వెర్నన్‌కు చెప్పింది. వంతెన మీద కార్లు కదలడం లేదు.

"ఏం చెయ్యమంటావు?" అని అడిగింది.

"నన్నడక్కు."

"అడుగుతున్నాను."

వెర్నన్ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు. "అడిగావు గనక చెబుతున్నా. ఆ పేటెంటు పోతే నా రియాక్టరు మూసేస్తామని ఫోర్‌మన్ మొన్ననే అన్నాడు. నాకు ముగ్గురు ఆడపిల్లలు, పెద్దది కాలేజీకి పోతానంటోంది. ఇది నువ్వు ఆలోచించాల్సిన సంగతి కాదు. నీ స్థానంలో నేనుంటే లేచి నిలబడి ఇది నాది అని అరిచేవాణ్ణి. తర్వాత మా ఆవిడ నన్ను చంపేది. నీకు ఆ భయం లేదు."

"అదొక్కటే నాకున్న అదృష్టం" అన్నది ఎల్వీరా. వాళ్ళిద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆమె మూడు వారాలు నిద్ర లేకుండా ఆలోచించింది. పేరు తనదని చెబితే పేరు దక్కదు, పని పోతుంది, వెర్నన్ రోడ్డున పడతాడు. చదవకుండా సంతకం పెట్టానంటే ఏడేళ్ళుగా తాను సాక్షిగా ఉన్న పుటలన్నీ మట్టిగొట్టుకుపోతాయి. నోరు మూసుకుంటే రెండవ దరఖాస్తులోనైనా తన పేరు ఉంటుంది. ఆమె మిగిలిన ఆ ఒక్క దారిని పట్టుకున్నది.

వాంగ్మూలం ఫిలడెల్ఫియాలో, ఒక లాయర్ల కార్యాలయంలో తీసుకున్నారు. పొడవాటి బల్లకు ఒకవైపు పైల్, హోబార్ట్; ఇంకొకవైపు ప్రత్యర్థి కంపెనీ లాయరు; చివరన చిన్న యంత్రం మీద మాటలన్నీ ఎక్కించే స్త్రీ. ఎల్వీరా కుడిచేయి ఎత్తి ప్రమాణం చేసింది.

ప్రత్యర్థి లాయరు మర్యాదగా మొదలుపెట్టాడు.

"మీరు ఎంతవరకు చదువుకున్నారమ్మా?"

"హైస్కూలు."

"రసాయనశాస్త్రం?"

"ఒక ఏడాది. ప్లస్ ఇరవై రెండేళ్ళు సీసాల్లో."

యంత్రం దగ్గరి స్త్రీ పెదవుల చివర నవ్వింది. లాయరు నవ్వలేదు. పుట నకలు ఆమె ముందుకు జరిపాడు.

"దీని కింద చదివి అర్థం చేసుకున్నాను అని ఉంది. హైస్కూలు చదివిన మీకు ఇది అర్థమైందని నన్ను నమ్మమంటారా? మీకు తెలియని విషయానికి మీరు సంతకం పెట్టారు. అంతేనా?"

అంతవరకు భయంతో బిగుసుకుని ఉన్న ఎల్వీరాకు చురుక్కుమన్నది.

"నాకు తెలుసు."

"అయితే చెప్పండి. మూడు పూతలు ఎందుకు? ఒకటి ఎందుకు చాలదు?"

ఆమె చెప్పింది. చలికాలపు గోడ సంగతి చెప్పింది. మందపాటి పూత పైన ఎండి లోపల పచ్చిగా ఉండటం, పెచ్చులూడటం చెప్పింది. చిక్కని ద్రావణంలో లోహం పొడి పైన పేరుకుపోయి సొరంగాలను మూసేస్తుందనీ, పలుచనిదైతే ద్వారం అంచున పట్టుకుంటుందనీ, నడుమ కాల్చకపోతే రెండవ పూత మొదటిదాన్ని కడిగేస్తుందనీ చెప్పింది. కొలిమిని ఎంత వేగంగా వేడెక్కించకూడదో చెప్పింది. అది హోబార్ట్ పుటలో లేని సంగతి. బల్ల చుట్టూ ఉన్నవారు కదలడం మానేశారు. తన ఇరవై రెండేళ్ళ కొలువులో అంతమంది తన మాట అంతసేపు వినడం ఆమెకు అదే మొదలు.

ప్రత్యర్థి లాయరు కలం కింద పెట్టాడు. అతడు మూర్ఖుడు కాడు. అతడి గొంతు మారింది.

"మిస్ టెస్టా, ఇదంతా మీకు ఎవరు చెప్పారు?"

ఆ గదిలో ఆ ప్రశ్న ఒక్కటే ఆమె జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న. అడిగినవాడు ఆమె మేలు కోరేవాడు కాడు. అయినా అడిగినది అతడొక్కడే. హోబార్ట్ తన టై మీద లేని మరకను గోటితో గీకుతున్నాడు. ఎల్వీరా ఆ గోటిని కాసేపు చూసింది.

"డాక్టర్ హోబార్ట్ చెప్పారు."

"గచ్చుపని సంగతి కూడానా?"

"అవునండీ. డాక్టర్ గారు పోలికలు చాలా బాగా చెబుతారు."

యంత్రం దగ్గరి స్త్రీ అది కూడా ఎక్కించుకున్నది.

వారం తరువాత ఆమె మాటలన్నీ అచ్చులో కట్టగా వచ్చాయి, నూట పన్నెండు పుటలు. తోడుగా ఒక చీటీ: ముప్పై దినాలలోగా చదువుకొని, తప్పులుంటే దిద్ది, చివరి పుటలో సంతకం చేసి పంపవలసినది. ఎల్వీరా ఆ కట్టను వంటింటి బల్ల మీద పెట్టి, సాయంత్రానికి పదేసి పుటల చొప్పున చదివింది. సంతకానికి ముందు ప్రతి అక్షరమూ చదవడం ఆమెకు అదే మొదటిసారి. తండ్రి పనితనం గురించి తాను చెప్పినదంతా పొల్లుపోకుండా ఉన్నది. దానికి చివర, డాక్టర్ హోబార్ట్ చెప్పారు, అన్నది కూడా ఉన్నది.

ఆమె చదవడం పూర్తికాకముందే, రెండవ దరఖాస్తు చిత్తుప్రతి పరిశోధనాలయంలో చేతులు మారుతూ ఆమె బల్ల దాకా వచ్చింది, అంకెలు సరిచూడటం కోసం. కనిపెట్టినవారి పేర్ల దగ్గర రెండు పేర్లున్నాయి: వారెన్ హోబార్ట్, ఇంకా ఆ వేసవిలో కొత్తగా చేరిన ఒక యువ డాక్టరు.

హోబార్ట్ అప్పటికే ఆమె వైపు రావడం తగ్గించాడు. ఆమే ఆయన గది తలుపు దగ్గర నిలబడింది. ఆయన కుర్చీలో నుంచి లేచాడు. అది ఆయన మర్యాద.

"నేను అడిగాను ఎల్వీరా, ఒట్టు. పైల్ ఒప్పుకోవడం లేదు."

ఆమె పైల్ దగ్గరకు వెళ్ళింది.

"ఎలా ఒప్పుకుంటానండీ?" అన్నాడు పైల్, విసుగు లేకుండా, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్లు. "ఆ పద్ధతి డాక్టర్ హోబార్ట్ చెప్పారని మీరు ప్రమాణం చేసి చెప్పారు. ఇది అదే పద్ధతి. ఇప్పుడు మీ పేరు చేరిస్తే మీ ప్రమాణం తప్పని మేమే ఒప్పుకున్నట్టు. గెలవబోయేది కూడా పోతుంది."

"మీరు చెప్పమన్నదే చెప్పాను."

"ఏం చెప్పాలో నేను చెప్పలేదు. ఎవరు చెప్పారని వాళ్ళడిగారు, మీరు జవాబిచ్చారు."

అది నిజమే. తన పేరును కొట్టివేసిన మాట ఎవరూ ఆమె నోట పెట్టలేదు.

ఎల్వీరా ఇంటికి వెళ్ళి ఆ నూట పన్నెండు పుటల కట్టను తీసింది. చివరి పుటలో గీత ఖాళీగా ఉన్నది. మంచి కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. దిద్దడానికి ఇచ్చిన కాగితం మీద నిజం రాయాలని మూడుసార్లు కూర్చున్నది. ప్రతిసారీ వెర్నన్ పెద్దకూతురు కాలేజీ గుర్తుకువచ్చి లేచిపోయింది. నిజం రాయలేకపోయింది గాని, ఈ అబద్ధం కింద మాత్రం తన చేత్తో సంతకం పెట్టనని నిశ్చయించుకున్నది. కట్టను బట్టలు పెట్టుకునే సొరుగులో అడుగున దాచింది. ఎవరైనా వచ్చి అడుగుతారు, అప్పుడు పెట్టనని చెప్పాలి, అని రోజులు లెక్కపెట్టుకున్నది. ఇరవై రోజులైంది. ఇరవై ఎనిమిది. ముప్పై.

ముప్పై మూడవ రోజున ఆమే ఉండబట్టలేక పైల్‌కు ఫోను చేసింది.

"ఆ కట్ట మీద నేను సంతకం పెట్టలేదు."

"ఏ కట్టండీ? ఓ, అదా! ఫరవాలేదు."

"ఫరవాలేకపోవడం కాదు. నేను పెట్టను."

"అక్కర్లేదండీ. ముప్పై రోజులు దాటితే సంతకం ఉన్నా లేకపోయినా అది చెల్లుతుంది. అలా రాసే పంపారు, చీటీ వెనకవైపు చూడలేదా? మీరు శ్రమపడకండి."

ఆమె ఫోను పెట్టేసి ఆ చీటీ తిప్పి చూసింది. చిన్న అక్షరాలలో ఉన్నది.

పేటెంటు 1980 జూన్‌లో వచ్చింది. కంపెనీ ఆచారం ప్రకారం హక్కులన్నిటికీ బదులుగా హోబార్ట్‌కు ఒక డాలరు నాణెం ఇచ్చి, అందరూ చప్పట్లు కొట్టారు. ఎల్వీరా కూడా కొట్టింది. మొదటి పుటను చట్రంలో బిగించి నడవాలో వేలాడదీయడానికి వడ్రంగి వచ్చాడు. అతడు మేకును ఒక్క దెబ్బకు దిగగొట్టాలని చూశాడు. గోడ నుంచి అరచేతి వెడల్పు పెచ్చు ఊడి నేల మీద పడింది. దానితో పనిలేదు, చట్రం కింద కనబడదు, అన్నాడు. ఎల్వీరా వంగి ఆ పెచ్చును తీసి కోటు జేబులో వేసుకున్నది.

శుక్రవారపు సంతకాలు ఆమె మానలేదు గాని, చదవడం మొదలుపెట్టింది. మొదటి పుట మొదటి అక్షరం నుంచి నెమ్మదిగా, వేలు కింద పెట్టుకుని, అర్థం కానిచోట అడుగుతూ చదివేది. ముప్పై పుటలకు రెండు గంటలు పట్టేది. హోబార్టూ, ఆయనను చూసి ఆమె దగ్గరకే నోట్‌బుక్‌లు తేవడం అలవాటైన తక్కిన డాక్టర్లూ ఎదుట నిలబడి గడియారాలు చూసుకునేవారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. నెల తిరిగేసరికి నోట్‌బుక్‌లు ఆమె బల్ల మీదికి రావడం మానేశాయి.

తరువాత వచ్చిన ఒక శుక్రవారం ఎల్వీరా కారులో ముందే వచ్చి కూర్చున్నది. వెర్నన్ నాలుగు దాటి ఆరు నిమిషాలకు ఈలవేస్తూ వచ్చాడు. చొక్కా జేబులో కొత్త కలం మెరుస్తున్నది.

"నన్ను సాక్షిగా వేశారు" అన్నాడు తాళం చెవి తిప్పుతూ. "నువ్వు నమ్మవు, హోబార్ట్ స్వయంగా వచ్చి అడిగాడు. ఆ అంతస్తులో ఆయన పని అర్థమయ్యేది నాకొక్కడికేనట! మా ఆవిడకు చెబితే పడి పడి నవ్వుతుంది."

"ఎన్ని పుటలకు సంతకం పెట్టావు?"

"ముప్పై రెండు."

"చదివావా?"

"ఆరు నిమిషాల్లోనా?" వెర్నన్ నవ్వి కారు వెనక్కి తీశాడు. "ఆయన ఎదురుగా నిలబడి ఉంటే ఎలా చదువుతానమ్మా, బాగుంటుందా?"

వంతెన మీద ఆ సాయంత్రం కార్ల బారు లేదు.